రసాయన బంధము: పలనాటి శిలల నిదర్శనముతో

పరమాణువులు ఒకదానితో నొకటి కూడి, విడివిడిగా నున్నప్పటికంటె తక్కువ శక్తి గల స్థితిని పొంది, వేడిమియో విద్యుత్తో మరియొక పదార్థమో వచ్చి విడదీయునంతవరకు ఆ స్థితియందే నిలిచియుండుటకు హేతువైన ఆకర్షణమునకు రసాయన బంధమని పేరు. ఈ ఆకర్షణమునకు మూలము సర్వత్ర ఒక్కటే. అది ధనవిద్యుత్తు గల కేంద్రకములకును, ఋణవిద్యుత్తు గల ఎలక్ట్రానులకును నడుమ నుండు విద్యుదాకర్షణము. ఐనను, ఎలక్ట్రాను ఒక పరమాణువును వీడి వేరొకదానిని చేరినపుడు ఏర్పడుదానిని అయానిక బంధమనియు, రెండు పరమాణువుల నడుమ ఉమ్మడిగా నిలిచినపుడు ఏర్పడుదానిని సమయోజనీయ బంధమనియు వ్యవహరించుట వాడుకైనది. పాఠ్యగ్రంథములు ఈ రెంటిని చెరియొక అధ్యాయమున బోధించుటచే, లోకమందలి పదార్థములన్నియు రెండు జాతులుగా విడిపోయినవని విద్యార్థికి తోచుట సహజము. ఆ అభిప్రాయమును సవరించుటకు పలనాటి సీమ మిక్కిలి అనువైన తావు. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట ముఖ్యపట్టణముగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో, గురజాల, మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతముల నేల క్రింద పరచుకొనియున్న సున్నపురాయి యొక్క ఒకే స్ఫటికమున రెండు బంధములును కాపురమున్నవి. కృష్ణ యొడ్డున కొల్లూరు గనులలో దొరికిన వజ్రమున సమయోజనీయ బంధము తన పరాకాష్ఠను చూపినది. వినుకొండ దిక్కున బండ్లమోటులో లభించిన సీసపు ఖనిజమునకు ఈ రెండు నామములలో ఏదియు పూర్తిగా సరిపడదు.

సిద్ధాంతము యొక్క పుట్టుక

ఒక్కొక్క మూలకమునకు ఇతర మూలకములతో కూడుటకు ఒక నియతమైన సామర్థ్యము కలదని ఆంగ్ల రసాయనజ్ఞుడు ఫ్రాంక్లండ్ 1852లో గుర్తించెను. కర్బనమునకు ఆ సంఖ్య నాలుగని 1858లో కెకులే, కూపర్ అను ఇరువురు వేర్వేరుగా ప్రకటించిరి. కాని ఆ సంఖ్య ఏల కలిగినదో చెప్పుటకు, 1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రానును కనుగొని, 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకమును చూపి, 1913లో నీల్స్ బోర్ ఎలక్ట్రానులకు నియత కక్ష్యలను కల్పించువరకు వేచియుండవలసి వచ్చెను. ఆ తరువాత ఆలస్యము లేదు. 1916లో జర్మనీయందు కొసెల్ అయానిక బంధమును, అమెరికాయందు జి. ఎన్. లూయిస్ ఎలక్ట్రానుల జంటను పంచుకొను బంధమును ప్రతిపాదించిరి. లాంగ్‌మ్యూర్ 1919లో లూయిస్ భావమునకు విశేషప్రచారమును కలిగించెను. హైట్లర్, లండన్ అను యువకులు 1927లో క్వాంటం సిద్ధాంతమును ఉదజని అణువునకు అన్వయించి, పంచుకొనుట యనగా వాస్తవమున నేమో గణితముచే నిరూపించిరి. లైనస్ పౌలింగ్ 1932లో మూలకముల ఋణవిద్యుదాత్మకతకు, అనగా బంధమునందలి ఎలక్ట్రానులను తమవైపు లాగుకొను సామర్థ్యమునకు, కొలమానమును నిర్మించి, 1939లో రసాయన బంధ స్వరూపమును గూర్చి తన ప్రసిద్ధ గ్రంథమును వెలువరించెను.

అయానిక బంధము

సోడియము పరమాణువున పదునొకండు ఎలక్ట్రానులు రెండు, ఎనిమిది, ఒకటి యను క్రమమున కర్పరములలో నమరియుండును. క్లోరినునందలి పదునేడు ఎలక్ట్రానులు రెండు, ఎనిమిది, ఏడు. సోడియము తన వెలుపలి యొంటి ఎలక్ట్రానును కోల్పోయి, క్లోరిను దానిని స్వీకరించినచో, రెంటికిని జడవాయువుల కుండునట్టి నిండు కర్పరము సిద్ధించును. ఇంతవరకు ప్రతి బాలునికి తెలిసినదే. ఇందుచే పరమాణువులకు జడవాయువులవలె నుండవలెనను కోరిక కలదనియు, ఆ కోరికచే ఎలక్ట్రానును ఇచ్చిపుచ్చుకొనుననియు చెప్పుట పరిపాటియైనది గాని, అది శాస్త్రసమ్మతమైన కారణము కాదు. లెక్క చూచిన సంగతి బోధపడును. ఒక మోలు సోడియము పరమాణువులనుండి ఒక్కొక్క ఎలక్ట్రానును పెరుకుటకు 496 కిలోజౌళ్ల శక్తి వ్యయమగును. వానిని క్లోరిను పరమాణువులు స్వీకరించినపుడు తిరిగి వచ్చునది 349 కిలోజౌళ్లు మాత్రమే. అనగా ఎలక్ట్రాను బదిలీ స్వయముగా నష్టపు బేరము. ఆ నష్టమును పూడ్చి, పై లాభమును చేకూర్చునది తరువాతి ఘట్టము: ధనాయానములును ఋణాయానములును దాపునకు వచ్చి, అన్ని దిక్కుల క్రమముగా పేరుకొని స్ఫటికజాలకమైనపుడు, మోలునకు దాదాపు 787 కిలోజౌళ్లు వెలువడును. కావున స్ఫటికమున అయానిక బంధమునకు ఉనికి జాలకమునందే గాని జంటయందు కాదు. చినగంజాము కొఠారులనుండి వచ్చిన ఉప్పుగల్లు నొకదానిని తీసికొని, అందు ఈ సోడియము ఈ క్లోరినునకు చెందినదని వ్రేలు చూపుట అసాధ్యము. ప్రతి సోడియము అయానము చుట్టును ఆరు క్లోరైడు అయానములు, ప్రతి క్లోరైడు చుట్టును ఆరు సోడియములు, 2.82 ఆంగ్‌స్ట్రాముల ఎడముతో నిలిచియుండును. ఉప్పులో ఉప్పు అణువు లేదు. ఈ సంగతిని 1913లో బ్రాగ్ తండ్రికొడుకులు ఎక్స్‌కిరణములతో స్ఫటికమును శోధించి వెల్లడించినపుడు, అణువులేని పదార్థము నంగీకరించుటకు కొందరు రసాయనజ్ఞులకు మనసొప్పలేదు.

పలనాటి రాతిలోని ధనాయానము కాల్షియము. దాని ఎలక్ట్రానులు రెండు, ఎనిమిది, ఎనిమిది, రెండు. మొదటిదానిని తీయుటకు మోలునకు 590, రెండవదానికి 1,145 కిలోజౌళ్లు కావలెను. మూడవదానికి 4,900 దాటును. జాలకము మొదటి రెండు ఋణములను తీర్చగలదు గాని మూడవ ఋణమును తీర్చజాలదు. కాల్షియము సర్వత్ర రెండు ధనావేశములతోనే కనబడుటకు ఈ లెక్కయే కారణము.

సమయోజనీయ బంధము, కొల్లూరు వజ్రము

కర్బనమునకు వెలుపలి కర్పరమున నాలుగే ఎలక్ట్రానులు. నాలుగింటిని వదలుటకు అపారమైన శక్తి కావలెను. నాలుగింటిని చేర్చుకొనుటకు చిన్న కేంద్రకము యొక్క బలము చాలదు. కాబట్టి అది పొరుగు పరమాణువుతో ఒక్కొక్క ఎలక్ట్రానును జతపరచి, ఆ జంటను ఇరువురి సొత్తుగా నుంచును. ఈ పొత్తువలన శక్తి యెట్లు తగ్గునను ప్రశ్నకు హైట్లర్, లండనుల సమాధానమిది: వ్యతిరేక భ్రమణములు గల రెండు ఎలక్ట్రానులు రెండు కేంద్రకముల నడిమి ప్రదేశమున ఎక్కువగా సంచరించుటచే, ఒక్కొక్క ఎలక్ట్రానును రెండేసి కేంద్రకములు ఆకర్షించును, కేంద్రకములు మరీ దగ్గరకు వచ్చిన పరస్పరము వికర్షించుకొనును, ఆకర్షణ వికర్షణములు తూగిన దూరమే బంధదైర్ఘ్యము. ఉదజని అణువునందు ఆ దూరము 0.74 ఆంగ్‌స్ట్రాము, బంధశక్తి మోలునకు 436 కిలోజౌళ్లు. అయానిక బంధము వలె గాక, ఈ బంధమునకు దిక్కు కలదు. ఎలక్ట్రానుల జంటలు ఒకదానికొకటి ఎడముగా నిలువగోరును గనుక నాలుగు జంటలు గల కర్బనము చతుర్ముఖి యొక్క నాలుగు మూలలకు 109.5 డిగ్రీల కోణమున చేతులు చాచును.

ఈ చతుర్ముఖి అన్నివైపుల అవిచ్ఛిన్నముగా వ్యాపించినచో వజ్రము. కృష్ణకు దక్షిణతీరమున, నేటి పల్నాడు జిల్లాయందలి కొల్లూరు గనులు గోల్కొండ నవాబుల కాలమున లోకప్రసిద్ధములు. పదునేడవ శతాబ్దిలో ఆ గనిని దర్శించిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే అచ్చట దాదాపు 60,000 మంది పని చేయుచుండిరని వ్రాసెను. కోహినూరు ఇచ్చటిదే యని ప్రతీతి. గులకరాళ్లు, మట్టి నడుమ దొరికిన ఆ రత్నములు అచ్చట పుట్టినవి కావు. భూగర్భమునందు మహాపీడనమున పుట్టి, శిలలు క్షయింపగా ఏటి ప్రవాహముచే కొట్టుకొని వచ్చినవి. అంత ప్రయాణము చేసియు అరగకుండుటకు కారణము, ప్రతి కర్బనము నాలుగు కర్బనములతో 1.54 ఆంగ్‌స్ట్రాముల దూరమున గట్టిగా ముడివడియుండుటయే. వజ్రమును గీయుట యనగా ఈ బంధములను తెంచుట. నిజమునకు ఒక్కొక్క వజ్రమును ఒక్కొక్క మహాణువుగా లెక్కింపవచ్చును. ఉప్పులో అణువే లేదని విన్న పాఠకునికి, చేతబట్టి చూడదగిన అణువు కూడ కలదని తెలియుట వింతగా నుండును. ఎలక్ట్రానులన్నియు బంధములలో చిక్కుకొనియుండుటచే వజ్రము విద్యుత్తును ప్రసరింపనీయదు. పులిచింతల జలాశయము నిండినపిమ్మట కొల్లూరు గనుల తావు నీట మునిగినది.

సమయోజనీయ పదార్థములన్నియు వజ్రమువలె కఠినములని తలపరాదు. అణువు లోపలి బంధము ఎంత దృఢమైనను, అణువునకు అణువునకు నడుమ ఆకర్షణము బలహీనమైనచో ఆ పదార్థము సులభముగా కరగును, ఆవిరియగును. పలనాటి మిరపకాయలోని కారమునకు మూలమైన కాప్సైసిన్ ఇట్టిది. సుమారు 65 డిగ్రీల వేడిమికే కరగును. దాని అణువున అధికభాగము కర్బన, ఉదజనుల పొడవైన గొలుసగుటచే నీటిలో కలియదు. నోరు మండినవారికి మంచినీటికంటె మజ్జిగ ఉపశమనము నిచ్చుట అందువలననే. ఈ నేలలోనే పండు ప్రత్తి పోగు, వేలకొలది గ్లూకోజు ఘటకములు సమయోజనీయ బంధములచే వరుసగా చేరిన సెల్యులోజు. గొలుసునకు గొలుసునకు నడుమ ఉదజని బంధమను మరియొక సున్నితమైన ఆకర్షణము కలదు గాని, అది ఈ వ్యాసమునకు విషయము కాదు.

సున్నపురాయి: ఒకే స్ఫటికమున రెండు బంధములు

పలనాటి సున్నపురాయి అతిప్రాచీన సముద్రగర్భమున పేరుకొన్న నిక్షేపము. భూగర్భశాస్త్రజ్ఞులు దానిని కర్నూలు శ్రేణికి చెందిన నార్జీ సున్నపురాయిగా గుర్తింతురు. పలకలుగా చీలు జాతిని జనులు నాపరాయి యని ఇండ్లకు పరచుకొందురు. తక్కినది సున్నపు బట్టీలకును సిమెంటు కర్మాగారములకును పోవును. రసాయనముగా ఇది కాల్షియము కార్బొనేటు.

కార్బొనేటు అయానమునందు కర్బనము నడుమను, మూడు ప్రాణవాయు పరమాణువులు చుట్టును ఒకే తలమున 120 డిగ్రీల కోణమున నిలిచియుండును. కర్బనమునకు నాలుగు, మూడు ప్రాణవాయు పరమాణువులకు పదునెనిమిది, కాల్షియమునుండి వచ్చినవి రెండు, వెరసి ఇరువదినాలుగు బాహ్య ఎలక్ట్రానులు. లూయిస్ పద్ధతిని చిత్రించినచో ఒక ప్రాణవాయువునకు ద్విబంధము, తక్కిన రెంటికి ఏకబంధము రావలెను. ఏకబంధము పొడవు సుమారు 1.43 ఆంగ్‌స్ట్రాములు, ద్విబంధము 1.22. కాని ఎక్స్‌కిరణములచే కొలిచి చూడగా మూడు బంధములును సమానముగా 1.28 ఆంగ్‌స్ట్రాములే. ఆ అదనపు జంట ఏ ఒక్క బంధమునకు చెందక మూటియందు వ్యాపించియున్నదని అర్థము. దీనికి అనునాదమని పేరు. ఈ కార్బొనేటు సమూహము మొత్తము రెండు ఋణావేశములు గల ఒకే అయానముగా ప్రవర్తించి, కాల్షియముతో అయానిక జాలకమును నిర్మించును. ప్రతి కాల్షియమును ఆరు వేర్వేరు కార్బొనేటుల ప్రాణవాయువులు 2.36 ఆంగ్‌స్ట్రాముల దూరమున చుట్టుకొనియుండును. లోపల పొత్తు, వెలుపల బదిలీ.

ఈ భేదమును కన్నులార చూడలేము గాని స్ఫటికము యొక్క కంపనములలో వినవచ్చును. చెదరిన కాంతినిబట్టి ఆ కంపనములను తెలిసికొనుటకు వీలిచ్చు తన ఫలితమును 1928లో రామన్ కనుగొన్న తరువాత స్ఫటికములను ఆ పద్ధతిని పరిశోధించిన ప్రముఖులలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యుడు సూరి భగవంతము ఒకరు. ఆయన వజ్రమును శోధించెను, టి. వెంకటరాయుడుతో కలిసి, స్ఫటిక సౌష్ఠవమునుండి ఏ కంపనములు కనబడవలెనో ముందుగా నిర్ణయించు సమూహ సిద్ధాంతమును వివరించెను. వారిరువురి గ్రంథము 1948లో వాల్తేరునుండి ప్రకటితమైనది. సున్నపురాతి స్ఫటికమగు కాల్సైటున కార్బొనేటు లోపలి బంధముల కంపనము సెంటీమీటరుకు 1,086 తరంగముల వద్దను, అయానములు ఒకదానియెదుట నొకటి ఊగు జాలక కంపనములు 282, 155 వద్దను కనబడును. వజ్రపు రేఖ 1,332. దృఢమైన బంధమునకు హెచ్చు సంఖ్య, సడలిన బంధమునకు తక్కువ సంఖ్య.

ఉలియు, నిప్పును

నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలములు 1926లో బయల్పడి, 1954 నుండి 1960 వరకు విస్తృతముగా త్రవ్వబడినవి. అచ్చటి మూడవ, నాలుగవ శతాబ్దుల శిల్పములును, వానికి ముందటి అమరావతి ఫలకములును ఆకుపచ్చని ఛాయ గల ఈ పలనాటి సున్నపురాతిలోనే చెక్కబడినవి. ఉలి దెబ్బ పడినపుడు రాయి తెగు చోటు ప్రధానముగా రేణువుల సందులయందును, కాల్షియమునకు కార్బొనేటునకు నడుమనుండు అయానిక ముఖములయందును. స్ఫటికము ఒకవైపునకు ఒకింత జరిగినంతనే సజాతీయావేశములు ఎదురెదురుగా వచ్చి వికర్షించుకొనును గనుక అయానిక స్ఫటికములు లోహమువలె సాగక తటాలున చీలును. కార్బొనేటు సమూహములు మాత్రము చెక్కుచెదరవు. కాబట్టియే శిల్పి చేతిలో రాయి తన రసాయనస్వభావమును కోల్పోదు.

నిప్పు అట్లు కాదు. అమరావతి స్తూపపు పలకలు ఎన్నో సున్నపు బట్టీల పాలైనవని పురావస్తుశాస్త్రజ్ఞులు విచారముతో వ్రాసిరి. ఆ బట్టీలలో జరిగినది, నేడు సున్నపు పట్టణముగా పేరొందిన పిడుగురాళ్ల బట్టీలలో జరుగునదే. సుమారు 900 డిగ్రీల వేడిమివద్ద కార్బొనేటునందలి ఒక కర్బన-ప్రాణవాయు బంధము తెగి, ప్రాణవాయువు రెండు ఋణావేశములతో కాల్షియమునొద్దనే మిగులును. కర్బనము తక్కిన రెండు ప్రాణవాయువులతో బొగ్గుపులుసు వాయువై లేచిపోవును. నూరు కిలోల శుద్ధమైన రాతికి 56 కిలోల పొడిసున్నము మిగిలి, 44 కిలోలు గాలిలో కలియును. మోలునకు ఇందు వ్యయమగు శక్తి 178 కిలోజౌళ్లు. చూపునకు సడలినదిగా కనబడు అయానిక బంధము నిలిచి, దృఢమైన సమయోజనీయ బంధము ఏల తెగవలెను? చిన్నదియగు ఆక్సైడు అయానము విశాలమైన కార్బొనేటుకంటె కాల్షియమునకు మిక్కిలి దాపున చేరగలదు. దూరము తగ్గిన కొలది ఆకర్షణము హెచ్చును. పొడిసున్నపు జాలకశక్తి మోలునకు సుమారు 3,400 కిలోజౌళ్లు, అది కరగుటకు రమారమి 2,600 డిగ్రీలు కావలెను. తెగిన బంధపు నష్టమును కొంత ఈ లాభమును, కొంత వెలువడిన వాయువు యొక్క స్వేచ్ఛయు పూడ్చును. కాల్షియముకంటె చిన్నదగు మెగ్నీషియము అయానము కార్బొనేటు ఎలక్ట్రానులను తనవైపు మరింత లాగి బంధమును సడలించుటచే, దాని కార్బొనేటు చాల తక్కువ వేడిమికే విడిపోవును. పెద్దదగు బేరియము కార్బొనేటు 1,300 డిగ్రీలు దాటినగాని లొంగదు. ధనాయానము చిన్నదైన కొలది ఋణాయానపు ఎలక్ట్రానులను హెచ్చుగా లాగునని రసాయనజ్ఞుడు ఫాజాన్స్ 1923లో చెప్పిన నియమములకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

పొడిసున్నముపై నీరు పోసినపుడు బుసకొట్టి వేడెక్కుట, ఆక్సైడు అయానము నీటి అణువునుండి ఒక ప్రోటానును లాగుకొని, రెండును హైడ్రాక్సైడులగుటవలన. ఆ తడిసున్నము గోడకెక్కిన పిమ్మట గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా గ్రహించి మరల కాల్షియము కార్బొనేటగును. వాననీటిలో కరగిన అదే వాయువు, అధికమైనచో, రాతిని బైకార్బొనేటుగా మార్చి కరగించును. పిడుగురాళ్ల చెంతనున్న గుత్తికొండ బిలము వంటి గుహలు ఈ పనివలన నేర్పడినవే.

నడిమి బంధములు

పౌలింగ్ కొలమానము ప్రకారము కాల్షియమునకు ఋణవిద్యుదాత్మకత 1.00, కర్బనమునకు 2.55, ప్రాణవాయువునకు 3.44, ఫ్లోరినునకు 3.98. భేదము ఎక్కువైన కొలది బంధము అయానికత్వమునకు, తగ్గిన కొలది సమయోజనీయత్వమునకు ఒరగును. నడుమ గట్టు లేదు. అగ్నిగుండాల ఖనిజపట్టీలోని బండ్లమోటున కొంతకాలము హిందూస్థాన్ జింక్ సంస్థ త్రవ్విన గెలీనా, అనగా సీసపు సల్ఫైడు, ఇందుకు నిదర్శనము. దాని పరమాణువుల అమరిక అచ్చముగా ఉప్పుగల్లులోనిదే; ఐనను ఉప్పుగల్లు రంగులేక పారదర్శకమై విద్యుద్బంధకముగా నుండగా, ఇది లోహమువలె మెరసి అర్ధవాహకమగును. సీసము, గంధకముల ఋణవిద్యుదాత్మకతల భేదము స్వల్పమగుటయే కారణము. ఆ గుణమును ఆధారము చేసికొనియే జగదీశచంద్ర బోసు గెలీనాతో తంతిలేని తరంగములను పసిగట్టు సాధనమును నిర్మించి 1904లో పేటెంటు పొందెను. అమరిక ఒకటైన మాత్రమున బంధము ఒకటి కాదు.

ఫ్లోరిను సంగతి పలనాటివారికి వేరుగా చెప్పనక్కరలేదు. వినుకొండ, బొల్లాపల్లి ప్రాంతముల బావులలో ఫ్లోరైడు బాధ చిరకాలమునుండి ఉన్నది. మూలకరూపమున రెండు పరమాణువులు సమయోజనీయముగా కూడిన భయంకర వాయువైన ఫ్లోరిను, శిలలనుండి నీటిలోనికి దిగునది మాత్రము అయానరూపమున. ఆ అయానము పరిమాణమున హైడ్రాక్సైడుతో దాదాపు సమానమగుటచే, ఎముకలలోని ఖనిజమున హైడ్రాక్సైడు స్థానమును చల్లగా ఆక్రమించును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ విధించిన హద్దు. కృష్ణకు ఆవలి నల్లగొండ పేరుతో ప్రసిద్ధమైన శుద్ధిపద్ధతిలో పటికయు సున్నమును నీటిలో కలిపి, పుట్టిన అల్యూమినియము హైడ్రాక్సైడు ముద్దతో ఫ్లోరైడును అడుగునకు దింపుదురు.

మాచర్లలో 1958లో నెలకొన్న కె.సి.పి. కర్మాగారము మొదలుకొని ఈ సీమలో వెలసిన సిమెంటు పరిశ్రమయందు, సున్నపురాయి మట్టితో కూడి సుమారు 1,450 డిగ్రీల వద్ద కాల్షియము సిలికేటుగా మారును. సిలికాను, ప్రాణవాయువుల నడిమి బంధమున అయానికత్వమును సమయోజనీయత్వమును రమారమి సగముసగముగా నుండును. నీరు తగిలినపుడు ఆ సిలికేటునుండి పుట్టి గట్టిపడు పదార్థమునకు కాల్సైటువలె చక్కని జాలకము లేదు. కాల్షియము పొరల నడుమ పొట్టి సిలికేటు గొలుసులు, వాని సందులలో నీరు, క్రమములేక చిక్కుపడియుండును. ఉప్పునకును వజ్రమునకును ఎక్స్‌కిరణములు ఒక్క యేడాదిలో చెప్పిన రహస్యమును ఈ సామాన్యమైన సిమెంటు ముద్దనుండి రాబట్టుటకు శాస్త్రజ్ఞులు నేటికిని శ్రమించుచున్నారు.